ఉప్పుగాలికి సర్దిన మూట

అనంతపురం నుంచి సముద్రానికి బయల్దేరేవాళ్ళు ముందుగా సర్దుకునేది నీళ్ళు. ఏడాది పొడుగునా కలిపి 550 మిల్లీమీటర్ల వాన కురిస్తే మంచి సంవత్సరం అనుకునే నేల మాది. సంక్రాంతి వెళ్ళాక గోదావరి డెల్టా కొసన దిండి, అంతర్వేది, పేరుపాలెం చూసి వద్దామని కుటుంబమంతా అనుకున్నప్పుడు మా అత్త అటక మీది నుంచి దింపించిన మొదటి వస్తువు ఇత్తడి మరచెంబు. "గోదావరికి పోతా నీళ్ళు మోసుకుపోతామామ్మా?" అన్నారు మా ఆయన. "గోదావరి నీళ్ళు తాగొచ్చు నాయనా, సముద్రం నీళ్ళు తాగలేం గదా" అందామె. అంతర్వేది ఇసుకలో నిలబడ్డాక ఆ మాట ఎంత నిజమో అందరికీ తెలిసింది.

అత్తకు బీపీ, మోకాళ్ళ నొప్పులు. ఆడబిడ్డ ఒళ్ళో పాకే వయసు పాప. మా పిల్లలిద్దరూ నీళ్ళు కనిపిస్తే ఆగే రకం కాదు. సముద్రతీరపు సెలవులకు ఏమేం కావాలో చెప్పే జాబితాలు చాలా చదివాను. ఈత దుస్తులు, నల్ల కళ్ళద్దాలు, గాలి నింపే బొమ్మలు అంటూ సాగుతాయి అవి. మూడు తరాలు కలిసి వెళ్ళే మన ఇళ్ళకు, చీరల్లోనే అలల్లోకి దిగే మన ఆడవాళ్ళకు, బట్టలు మార్చుకునే గది కూడా కనిపించని మన తీరానికి ఆ జాబితాలు సరిపోవు. మనకు కావలసింది వేరు. అందులో సగం నేను ఇంటి నుంచి పట్టుకెళ్ళాను, మిగతా సగం గోదావరి జిల్లాల మనుషులు దారిలో చెప్పారు.

రాజమండ్రి దాటి ధవళేశ్వరం బ్యారేజీ మీద ఆగాం. 175 గేట్ల వెనక నిలిచిన నీళ్ళను పిల్లలు మాట్లాడకుండా చూశారు. 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తయ్యేదాకా ఇక్కడి గోదావరి వరదై వచ్చి, ఊళ్ళు ముంచి, సముద్రంలో కలిసిపోయేది. వానలు తప్పిన ఏట ఇదే నేల మీద జనం ఆకలితో చచ్చిపోయారు. ఇప్పుడా నీళ్ళు తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలకు కాలువలై పోతున్నాయి. హంద్రీ-నీవా కాలువకు నీళ్ళొదిలితే పసుపు కుంకుమలు చల్లి హారతులిచ్చే ఊళ్ళ నుంచి వచ్చాం మేం. ఇక్కడ ప్రతి ఇంటి ముందూ కాలువే, దాని మీద చిన్న వంతెనే. మా అత్త బ్యారేజీ కింద మెట్లు దిగి, చెంబుతో నీళ్ళు తీసుకుని తల మీద చల్లుకుంది. పాప తల మీదా చల్లింది. ఎవరూ ఏమీ మాట్లాడలేదు.

రావులపాలెం దగ్గర అరటి గెలలు లారీలకెక్కుతున్నాయి. అక్కడి నుంచి కోనసీమ. దాళ్వా నాట్లు పడుతున్నాయి. ఒక మడిలో ఆకుమడి పచ్చగా, పక్క మడిలో దమ్ము చేసిన బురద, ఆ పక్కన అప్పుడే నాటిన నారు నీళ్ళలో సన్నగా వణుకుతోంది. గట్ల మీద కొబ్బరి చెట్లు. రోడ్డు పక్కన కాల్చిన తేగలు కట్టలు కట్టి అమ్ముతున్నారు. మా పిల్లలు తేగ నారతో కాసేపు కుస్తీ పట్టి, లోపలి చందమామ దాకా వెళ్ళి, ఇంకో కట్ట కావాలన్నారు.

అంబాజీపేటలో పొట్టిక్కలు తిన్నాం. నాలుగు పనసాకులను ఈనెపుల్లలతో కుట్టి బుట్ట చేస్తారు. అందులో ఇడ్లీపిండి పోసి ఆవిరి మీద ఉడికిస్తారు. ఆకు విప్పితే పిండి మీద ఈనెల గీతలు అచ్చు పడి ఉంటాయి, పనసాకు వాసన లోపలిదాకా పట్టి ఉంటుంది. వడ్డించే ఆవిడ పిల్లల ఆకుల్లోకి చూసి, "అదేంటమ్మా, రెండింటికే సరిపెట్టేశారు? పిల్లలండీ, ఇంకోటి ఏయించుకోండి" అంటూ మా జవాబు వినకుండానే వేసేసింది. దానికి డబ్బులడగలేదు. మావైపు ప్రేమ తక్కువని కాదు, మేం అడిగి పెడతాం. వీళ్ళు పెట్టేసి అడుగుతారు.

ఈ పెట్టే గుణానికి ఇక్కడ ఒక పెద్దావిడ పేరుంది. పి.గన్నవరం దగ్గర గోదావరి పాయ వైనతేయ మీద కాలువను దాటించే అక్విడెక్టుకు డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. 1841 నుంచి 1909 దాకా బతికిన ఆవిడ లంకల గన్నవరంలో వేళ కాని వేళ వచ్చిన వాళ్ళకు కూడా అన్నం పెట్టింది. పాయ దాటి ఎవరు ఆకలితో వచ్చినా ఆ ఇంటి పొయ్యి వెలిగేది. ఏడో ఎడ్వర్డ్ చక్రవర్తి ఉత్సవానికి ఆవిడ ఫొటో తెప్పించుకున్నారని ఇక్కడి పిల్లలకు కూడా తెలుసు. బడి పిల్లల మధ్యాహ్న భోజన పథకానికి ఇప్పుడు ఆవిడ పేరే ఉంది. ఆ అక్విడెక్టు మీద నిలబడితే కింద నది, పైన కాలువ, రెండూ ఎవరి దారిన అవి పోతుంటాయి. ఆ రోజుల్లో ఈ లంకల్లో ప్రయాణించినవాడు అన్నం మూట కట్టుకోకపోయినా బతికేవాడు. ఇప్పుడు హోటళ్ళున్నాయి. కానీ తీరం దగ్గరపడేకొద్దీ అవీ పలచబడతాయి, పొద్దుగూకితే మూతపడతాయి. చంటిపిల్ల ఉన్న కుటుంబం ఒక పూట తిండి చేతిలో ఉంచుకోవాల్సిందే.

ఆ తిండి సంగతిలోనే డెల్టా నాకు మొదటి పాఠం చెప్పింది. మావైపు ఎక్కడికి పోయినా బొరుగులు, చెనక్కాయలు పోసుకుని పోతాం. దిండిలో వసిష్ఠ గోదావరి ఒడ్డున బస. పర్యాటక శాఖ వాళ్ళ కాటేజీలు కొబ్బరి తోటలో ఉంటాయి, ముందు హౌస్‌బోట్లు కట్టేసి ఉంటాయి. సాయంత్రం వరండాలో కూర్చుని బొరుగుల సంచి విప్పాం. కాసేపు నది చూసి మళ్ళీ చెయ్యి పెడితే బొరుగులు మెత్తబడి, నమిలితే శబ్దం రాలేదు. అనంతపురంలో వారమైనా కరకరలాడేవి ఇక్కడ గంటలో తేమ పీల్చుకున్నాయి. పెంకుతో ఉన్న చెనక్కాయలు మాత్రం చెక్కుచెదరలేదు. కాటేజీలు ఊడ్చే అమ్మాయి చూసి, "జంతికలైనా సరే ఇక్కడ మూత బిగుసుగా ఉన్న స్టీలు డబ్బాలో పెట్టాలండీ, కవర్లో పెడితే పొద్దుటికి రబ్బరైపోతాయ్" అంది. తీరానికి వెళ్ళేటప్పుడు తిండి కంటే డబ్బా ముఖ్యమని అప్పుడర్థమైంది. పులిహోర ఒక పూటకు నిలుస్తుంది, పెరుగన్నం నిలవదు.

బట్టలదీ అదే కథ. మా ఊళ్ళో ఉతికి ఆరేసి వెనక్కి తిరిగేసరికి ఆరిపోతాయి. ఇక్కడ జనవరిలో పొద్దున ఎనిమిది దాకా కొబ్బరాకుల నుంచి మంచు కారుతూనే ఉంటుంది. సముద్రంలో తడిసిన బట్టయితే ఎండలో వేసినా ఆరినట్టే ఆరి, రాత్రికి మళ్ళీ చెమ్మగిల్లుతుంది. బట్టలో మిగిలిన ఉప్పు గాలిలోని తేమను లాగుతుంది మరి. ముందు మంచినీళ్ళలో జాడించి, ఆ తర్వాతే ఆరేయాలి. జీన్సు ప్యాంట్లు ఈ యాత్రకు పనికిరావు. పల్చటి నూలు బట్టలు మనిషికి రెండు జతలు ఎక్కువే పెట్టుకోండి. తాడు, క్లిప్పులు మరవకండి. క్లిప్పుల్లేకపోతే సముద్రపు గాలి మీ తువ్వాలును పక్క తోటలోకి తీసుకుపోతుంది.

అంతర్వేది చేరేసరికి ఎండ ఎక్కింది. లక్ష్మీనరసింహస్వామి దర్శనం చేసుకున్నాం. 2020లో తగలబడిపోయిన పాత రథం స్థానంలో వచ్చిన కొత్త రథాన్ని మా అత్త చాలాసేపు చూసింది. గుడి దాటి దీపస్తంభం వైపు, అక్కడి నుంచి సరుగుడు తోటల్లోంచి సముద్రం వైపు నడిచాం. పిల్లలు చెప్పులు విప్పి పరుగు తీయబోతే ఎదురొచ్చిన ఒక జాలరి ఆపాడు. "చెప్పులుంచండి బాబూ, సరుగుడు కాయలు గుచ్చుకుంటాయ్." గోలీకాయంత ఉండే ఆ కాయలు ఎండి, నేలంతా పరుచుకుని ఉన్నాయి. తొక్కితే ముల్లు తొక్కినట్టే. పట్టీలున్న రబ్బరు చెప్పులు ఇసుకలోనూ జారవు, తడిసినా పాడవవు.

తోట దాటగానే సముద్రం. బంగాళాఖాతం ఇక్కడ నీలంగా ఉండదు, వండ్రు కలిసిన నీళ్ళు మట్టిరంగులో ఉంటాయి. నాకు ఆ రంగే నచ్చింది. నాసిక్ దగ్గర పుట్టిన నది దారంతా మోసుకొచ్చిన మట్టి అది. దాన్ని ఇక్కడ దింపి దింపి ఈ కోనసీమను తయారుచేసింది. అన్నాచెల్లెళ్ళ గట్టు దగ్గర నది నీళ్ళు ఒక రంగు, సముద్రం నీళ్ళు ఇంకో రంగు, మధ్యలో ఇసుక తిన్నె. ఎర్రటి పీతలు బొరియల్లోంచి వచ్చి, మనిషి నీడ పడగానే మాయమవుతున్నాయి.

ఆ జాలరే మాకు పోటు, పాటు గురించి చెప్పాడు. "సంగమం కాడ అసలు దిగొద్దండి. పాటప్పుడు నదీ, సముద్రమూ రెండూ లోపలికే లాగుతాయండి. అటు పక్కకెళ్ళి, పిల్లలు మోకాలి దాకా, పెద్దోళ్ళు నడుం దాకా. అంతే. అలలు ఇరగకుండా నున్నగా ఉన్న చోటు చూసి ముచ్చటపడొద్దు, నీళ్ళు ఎనక్కెళ్ళే దారి అదేనండి." ఒడ్డుకొచ్చిన నీళ్ళు ఇసుక మేటల మధ్య సందు చూసుకుని ఒక్క ప్రవాహంగా వెనక్కి పోతాయి, దాని మీద అల విరగదు, అందుకే ప్రశాంతంగా కనిపిస్తుంది. ఎప్పుడైనా అందులో చిక్కితే ఒడ్డు వైపు ఎదురీదకూడదు, తీరం వెంబడి పక్కకు ఈది బయటపడి ఆ తర్వాత ఒడ్డుకు రావాలి. ఈత కొలనులో నేర్చిన ఈత సముద్రంలో పనికొస్తుందని నమ్మి ఏటా ఎంతమంది పిల్లలు మన తీరంలో పోతున్నారో పత్రికలు చదివేవాళ్ళకు తెలుసు. సంచిలో ఏమున్నా లేకున్నా ఈ నియమం ఉండాలి: నీళ్ళలో ఉన్న ప్రతి పిల్లకూ ఒడ్డున ఒక పెద్ద మనిషి, చేతిలో ఫోన్ లేకుండా.

పోటు ఎప్పుడొస్తుందో తెలుసుకోడానికి మా అత్త సంచిలోని పంచాంగం పనికొచ్చింది. రోజుకు రెండు పోట్లు, ఇవాళ వచ్చిన వేళకు రేపు సుమారు యాభై నిమిషాలు ఆలస్యం. అమావాస్యకూ పౌర్ణమికీ పోటు పెద్దది, పాటు లోతుది. మన పెద్దలు సముద్రస్నానానికి పెట్టుకున్న రోజులు చూడండి, కార్తీక పౌర్ణమి, మాఘ పౌర్ణమి, చొల్లంగి అమావాస్య. మూడూ సముద్రం బలంగా ఉండే రోజులే. ఆ రోజుల్లో వెళ్ళేవాళ్ళు స్నానమంటే మూడు మునకలే అనుకోవాలి, ఆటలు కాదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాన్ల కాలం. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమ మీద పడ్డ తుపాను గురించి ఇక్కడ ఎవర్నడిగినా ఆ రాత్రంతా చెబుతారు. వాతావరణ కేంద్రం హెచ్చరిక ఉంటే ఇంట్లోనే ఉండండి.

మధ్యాహ్నానికి మేం తెచ్చుకున్న తాగునీళ్ళు అయిపోవచ్చాయి. సముద్రం పక్క మండలాల్లో బోరు వేస్తే ఉప్పునీళ్ళే. వేసవిలో కాలువలు కట్టేసే ముందు మంచినీళ్ళ చెరువులు నింపుకుని ఆ నీళ్ళతోనే ఊళ్ళు గడుపుకుంటాయి. ఇన్ని నీళ్ళ మధ్య తాగునీటికి వెతుక్కునే ఊళ్ళున్నాయని మావైపు చెబితే నమ్మరు. బోరు నీళ్ళలో ఫ్లోరైడ్‌తో బాధపడ్డ పల్లెల నుంచి వచ్చిన మా అత్త, ఒక ఇంటావిడ బిందెలోంచి మరచెంబు నింపి ఇచ్చినప్పుడు ఆ చెంబును రెండు చేతులతో అందుకుంది. నీళ్ళ విలువ తెలిసిన వాళ్ళిద్దరూ కాసేపు గడప మీదే కూర్చుండిపోయారు. మనిషికి రోజుకు మూడు లీటర్ల చొప్పున తాగునీళ్ళు, స్నానం అయ్యాక పిల్లల ఒంటి మీది ఉప్పు కడగడానికి వేరే ఒక డబ్బా, ఇవి లేకుండా తీరానికి వెళ్ళకండి. ఓఆర్‌ఎస్ పొట్లాలు నాలుగు పెట్టుకోండి. రోజూ వేసుకునే మాత్రలు పెట్టెలో కాదు, చేతిసంచిలో ఉండాలి.

సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి వసిష్ఠ దాటి నరసాపురం వెళ్ళాం. జంట పడవల మీద బల్లలు పరిచి, దాని మీద కార్లూ, మోటారు సైకిళ్ళూ, చేపల బుట్టలూ, బడి పిల్లలూ. పంటు వాడు మా అత్తకు చెయ్యందించి, "నెమ్మదిగా మామ్మగారూ" అన్నాడు. మావైపు అవ్వా అని పిలిపించుకునే ఆమె ఆ పిలుపు విని మురిసిపోయింది. పక్కన కూర్చున్న ఒక పెద్దావిడతో మాట కలిసింది. ఆవిడ కొత్త కోడలుగా ఉన్నప్పుడు అత్తగారితో సప్తసాగర యాత్ర చేసిందట. పుష్య బహుళ అమావాస్య నాడు కాకినాడ దగ్గర చొల్లంగిలో మొదలుపెట్టి, సప్తర్షుల పేర్లున్న ఏడు గోదావరి పాయలు సముద్రంలో కలిసే చోట్ల స్నానాలు చేస్తూ, మాఘ శుద్ధ ఏకాదశికి అంతర్వేది చేరతారు. కొంత నడక, కొంత పడవ, కొంత బండి.

"ఏం పట్టుకెళ్ళారండీ?" అని అడిగాను.

"ఏముందమ్మా, రెండు నేత చీరలు, ఒక పాత చీర, చెంబు, అటుకులు, బెల్లం, పసుపూ కుంకం. అంతే. పాత చీరే అన్నిటికీ."

ఆ పాత చీర చేసిన పనులు ఆవిడ వేళ్ళ మీద లెక్కపెట్టింది. ఇద్దరు పట్టుకుంటే బట్టలు మార్చుకునే గది. నాలుగు కర్రలకు కడితే ఎండకు పందిరి. మడిస్తే పరుపు. పిల్ల ఏడిస్తే చెట్టుకు కట్టి ఉయ్యాల. ఒళ్ళు తుడుచుకోడానికీ అదే, తిరిగొచ్చేటప్పుడు తడిబట్టల మూటకూ అదే. నేను ఆ మధ్యాహ్నం ఆడబిడ్డ కోసం పట్టిన అడ్డుతెర కూడా మా అత్త పాత చీరే. ఆరు గజాల మెత్తటి నూలు, పెట్టెలో అరచేతి మందాన పడుతుంది. తెలుగింటి ఆడవాళ్ళు ఈ తీరం కోసం కనిపెట్టిన వస్తువుల్లో దీన్ని మించింది నేను చూడలేదు.

నరసాపురంలో వరండాల్లో ఆడవాళ్ళు క్రోచెట్ సూదితో లేసు అల్లుతూ కనిపించారు. మిషనరీల కాలంలో ఈ తీరానికి వచ్చిన పని అది. తల ఎత్తకుండానే మనతో మాట్లాడతారు, సూది ఆగదు. ఇంట్లో కూర్చుని చేస్తారు గనుక ఈ పనిని పనిగా లెక్కించనితనం గురించి మరియా మీస్ 1982లో ఒక పుస్తకమే రాసింది. కొనేటప్పుడు బేరమాడకండి.

పేరుపాలెంలో అలలు అంతర్వేది కంటే పిల్లలకు అనువుగా అనిపించాయి. అక్కడ తెలుసుకున్నవి కొన్ని. చల్లటి నీళ్ళలో వేళ్ళు సన్నబడి ఉంగరాలు జారిపోతాయి. బంగారం ఇంట్లో పెట్టి రండి, నల్లపూసలకు బదులు పసుపుతాడు చాలు. జనవరి ఎండ చురుక్కుమనదు కానీ ఇసుక మీది నుంచి, నీళ్ళ మీది నుంచి తిరిగి కొట్టి పిల్లల ముక్కులు, భుజాలు ఎర్రబడతాయి. కొబ్బరినూనె ఎండను ఆపదు, పొడుగు చేతుల చొక్కా, టోపీ ఆపుతాయి. ఒంటికంటిన ఇసుక తడి తువ్వాలుతో పోదు, కాస్త టాల్కం పౌడరు చల్లి దులిపితే రాలిపోతుంది. జనం ఎక్కువున్న రోజు పిల్లల జేబులో తండ్రి ఫోన్ నంబరు రాసిన చీటీ పెట్టండి. దోమల మందు రాత్రికి, నదొడ్డున మరీ. ఇక చేపల కూర మీద ఆశ పెట్టుకుని వెళ్ళేవాళ్ళు ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో వేట నిషేధమని గుర్తుంచుకోండి. పులస ఎలాగూ వరదల కాలపు చేప. మేం వెళ్ళిన రోజుల్లో చందువ వేపుడు, పనసపొట్టు కూర, ఆవపెట్టిన అరటికాయ దొరికాయి. దేనికీ వంక పెట్టే వీల్లేదు.

టార్చిలైటు గురించి చెప్పాలి. కొబ్బరి తోటల్లో, గట్ల మీద రాత్రి నడవాలంటే అది లేనిదే కుదరదు, పాములుంటాయి. కానీ ఇసుక మీదికి వచ్చాక ఆర్పేయండి. చలికాలంలో ఆలివ్ రిడ్లే తాబేళ్ళు ఈ తీరానికి వచ్చి ఇసుకలో గుంట తవ్వి గుడ్లు పెట్టి పోతాయి. వెలుతురు కనిపిస్తే తల్లి గుడ్లు పెట్టకుండానే వెనక్కి మళ్ళుతుంది. గుడ్లు పగిలి బయటకొచ్చిన పిల్లలు వెలుగు ఉన్న వైపే సముద్రం ఉందనుకుని నడుస్తాయి. మన టార్చీలు, ఫోన్ లైట్లు, కారు దీపాలు వాటిని ఊళ్ళ వైపు తిప్పుతాయి. తీరంలో మనం పారేసిన ప్లాస్టిక్ సంచి నీళ్ళలో జెల్లీచేపలా తేలితే అదే మింగి చచ్చిపోతాయి.

అందుకని మీ సామాన్లన్నీ సర్దడం అయ్యాక ఒక ఖాళీ గోనెసంచి మడిచి పైన పెట్టుకోండి. మీరు తీసుకెళ్ళిన సీసాలు, కవర్లు, పాప డైపర్లు, పౌడరు డబ్బా అన్నీ అందులో వేసుకుని ఇంటికి తెచ్చుకోండి.